మంచు టైర్ల మామ

మార్చి నెల వచ్చిందంటే మా చంద్రపూర్‌లో కోయిల కంటే ముందు కూలర్ గడ్డి మార్చేవాడు కూస్తాడు. సైకిల్ వెనక ఎండుగడ్డి పలకలు కట్టుకుని, సగం మరాఠీలో సగం హిందీలో రాగం తీస్తూ బాబుపేట్ రోడ్డంతా తిరుగుతాడు. ఇక్కడ కాలాలు రెండే. కూలర్ నడిచే కాలం, కూలర్ మీద బట్టలు ఆరేసుకునే కాలం. ఈ ఏడు కూడా అతను మా టైర్ల షాపు ముందు ఆగాడు. కూలర్ విప్పి, పాత గడ్డి పీకి, కొత్తది బిగించి, "ఎటు తిప్పాలె భావూ?" అన్నాడు.

ఏటా అడిగేదే. జవాబు కూడా ఏటా ఒకటే. కౌంటర్ వైపు, అంటే మా బాపు వైపు. ఈసారి నా నోట మాట రాలేదు. నా నోట మాట రాకపోవడం మా వీధిలో వార్తే.

ఎందుకంటే షాపు మూలన నాలుగు టైర్లున్నాయి. వాటి పక్క మీద చిన్న గుర్తు ఉంటుంది. మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచుపువ్వు. ఈ చుట్టుపక్కల మంచు టైర్లు ఉన్న షాపు మాదొక్కటే. గొప్పకి చెప్పడం లేదు. మే నెలలో నలభై ఏడు డిగ్రీలు కాసే ఊళ్లో మంచు టైర్లు పెట్టుకోవడమంటే చేపలకి గొడుగులు అమ్మడం లాంటిది.

ఆ టైర్లు మామవి.

మామ నాకు చుట్టమేమీ కాదు. మొదటి రోజే నన్ను "అల్లుడా" అన్నాడు. ఇవ్వడానికి ఆయనకి పిల్ల లేదు, చేసుకునే తొందర నాకు లేదు. అందుకని ఆ వరస ఇద్దరికీ హాయిగా కుదిరింది. సాస్తి బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డంపర్ నడిపి రిటైరయ్యాడు. డంపర్ అంటే ఇల్లంత బండి. నిచ్చెనెక్కి సీట్లో కూర్చోవాలి. అంత ఎత్తున బతుకంతా కూర్చున్న మనిషి, రిటైరైన నెలకే నేలకి జానెడు ఎత్తున కూర్చునే ఎర్ర కారు కొన్నాడు. నాగపూర్‌లో ఎవరో డాక్టరుగారి అబ్బాయి వాడి వదిలేసిన బండి. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే ఏడు సెకన్లలో వంద అందుకుంటుంది. మామ చేతిలో పడ్డాక పాపం అది ఇరవై దాటలేదు. గనిలో ఇరవై దాటకూడదట. గని వదిలినా ఇరవై ఆయన్ని వదల్లేదు.

ఇంజన్ స్టార్ట్ చేసేముందు ఒక హారన్. ముందుకి పోవాలంటే రెండు. వెనక్కి తీయాలంటే మూడు. ఇదీ గని రూలేనట. అన్నిటికీ మించి, ఆ ఎర్ర కారు ముందు భాగంలో రెండు నిలువుల వెదురు కర్ర, కర్ర చివర ఎర్రజెండా. గనిలోకి వచ్చే జీపులకి అట్లా జెండా కడతారు. పైనున్న డంపర్ వాడికి కింద చిన్నబండి కనబడదు కాబట్టి.

"మామా, చంద్రపూర్ రోడ్ల మీద డంపర్లెక్కడున్నయే?" అన్నాను.

"నీకు కనబడ్తలేవంటే లేవనా? నేను పైన కూసున్నోన్ని అల్లుడా. కిందోడు మాకు అస్సలే కనబడడు."

నేను ఆ మాటకి కూడా ఏదో జోకేశాను. ఏం జోకో గుర్తు లేదు. ఆయన మాట గుర్తుంది.

ఆయన మొదటిసారి షాపుకి వచ్చింది మే నెల మిట్టమధ్యాహ్నం. వీధి కుక్కలు కూడా డ్రైనేజీలో పడుకున్న వేళ. మూడు హారన్లు మోగించి కారు వెనక్కి తీసి, దిగి, మెడలో తువ్వాలతో మొహం తుడుచుకుని, "మంచు టైర్లున్నయా?" అన్నాడు.

"మంచిగున్నయి మామా, అన్నీ మంచియే," అన్నాడు మా బాపు.

"మంచివి కాదు సేటూ. మంచుల నడిచేటియి."

బాపు నా వైపు చూశాడు. గిరాకీకి పిచ్చి ఉందేమోనని అనుమానం వస్తే బాపు నన్ను ముందుకి తోస్తాడు. పిచ్చికి పిచ్చే మందని ఆయన నమ్మకం.

"మామా, మంచు చూడాలంటే మన ఊళ్లో ఒకటే జాగ. ఆ సందుల ఐస్ గోలా బండి," అన్నాను.

మామ నవ్వాడు. కడుపారా నవ్వాడు. తర్వాత సంగతి చెప్పాడు.

గనిలో ఆయనదీ ఇంకొకాయనదీ ఒకటే డంపర్. ఆ ఇంకొకాయన హిమాచల్ నుంచి వచ్చిన మనిషి. మామ ఆయన్ని "పహాడీ" అనేవాడు. అంటే కొండమనిషి అని. పద్దెనిమిదేళ్లు ఒకటే బండి, ఒకటే సీటు, వేర్వేరు షిఫ్టులు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కాలి. మధ్యలో ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో దిగేవాడు ఆరు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి, ఒక్కోదానికి పది లెక్కపెట్టి, ఎక్కేవాడికి చెప్పాలి. "ముందు ఎడమది వేడి." "వెనక లోపలిది గాలి తగ్గింది." అంతే. పద్దెనిమిదేళ్ల స్నేహంలో వాళ్ల మాటలు దాదాపు అవే.

"వేడెక్కిన డంపర్ టైరు పేలితే మనిషి దొర్కడు అల్లుడా. అందుకే టైరు ముచ్చట్ల పరాచికం ఉండది. వాడు చల్లగున్నదంటే నేను కండ్లు మూస్కొని ఎక్కిన. నేను వేడున్నదంటే వాడు చాయ తాగుకుంట కూసున్నడు. ఏనాడూ మళ్ల చెయ్యి పెట్టి చూస్కోలె."

రిటైరై సొంతూరికి పోయేరోజు పహాడీ ఒక మాట అన్నాడట. "నల్లమట్టిలో నడపడం గొప్ప కాదు. జనవరిలో మా ఊరు రా, మంచు మీద నడుపు. అప్పుడు నిన్ను డ్రైవర్ అని ఒప్పుకుంటా. కానీ మామూలు టైర్లతో రాకు. లోయలో తేలతావ్."

మామకి కావలసింది అదీ. జనవరిలో, మంచు పడ్డప్పుడు, ఎర్ర కారు నడుపుకుంటూ పహాడీ గుమ్మం ముందు మూడు హారన్లు కొట్టాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు కారు ముందుసీటు మీద ఉన్నాయి. డ్రైవర్ పక్క సీటు ఎప్పుడూ చివరిదాకా వెనక్కి జరిపే ఉండేది. దాని వెనక పిల్లి కూడా కూర్చోలేదు. పహాడీ పొడుగు మనిషి. పద్దెనిమిదేళ్లు ఆయన దిగేటప్పుడు సీటు వెనక్కే ఉండేదట, మామ తిట్టుకుంటూ ముందుకి జరుపుకునేవాడట. రోజూ అదే గొడవ. ఇప్పుడు సొంత కారులో తనే వెనక్కి జరిపి పెట్టుకున్నాడు. ఒకసారి నేను కాస్త ముందుకి జరుపుకుని కూర్చోబోతే చేతి మీద కొట్టాడు.

"అది నీ జాగ కాదు. ఆటోల రా."

టైర్లు ఎంచుకోవడానికి రెండు చలికాలాలు పట్టింది. పెళ్లిచూపులు నయం. నేను ఫోన్లో ఫొటోలు చూపిస్తే మామ చూసేవాడు కాదు. "ఫోటువకి గోరు గుచ్చుతరా?" అనేవాడు. ఆయన పద్ధతి బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కి, ఆ గీత ఎంతసేపట్లో పోతుందో చూడడం. నేనేమో వారం రోజులు ఇంటర్నెట్‌లో చదివి తయారై పాఠం మొదలుపెట్టాను. మంచు టైరు రబ్బరు మెత్తగా ఉంటుంది, చలికి గట్టిపడదు. దాని ముఖం మీద సన్నటి గాట్లు వందలకొద్దీ ఉంటాయి, అవే మంచుని పట్టుకుంటాయి. ఇక వెడల్పు...

"సన్నది కావాలె," అన్నాడు మామ.

అదే చెప్పబోతున్నాను. ఎప్పుడూ మంచు చూడని మనిషికి ఎట్లా తెలుసు?

"వానకాలం గని చూసినవా? మోకాలు లోతు బురద. వెడల్పు టైరు దాని మీద తేలుతది, జారుతది. సన్నది కిందికి దిగి నేలను పట్టుకుంటది. బురద నల్లగుంటది, మంచు తెల్లగుంటది. టైరుకు రంగు తెల్వది అల్లుడా."

వారం రోజుల నా చదువు ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ ఎర్ర కారుకి ఉన్నవి వెడల్పాటి, చపాతీ లాంటి టైర్లు. సన్నవి వెయ్యాలంటే రిమ్ములు కూడా చిన్నవి కావాలి. బాపుకి హుషారొచ్చింది. కనీసం ముందు చక్రాలకి రెండు మంచు టైర్లు వేస్తే సరిపోతుందేమోనని నేను మామ ఖర్చు తగ్గించబోయాను.

"రెండు కాళ్లకు చెప్పులేస్కొని రెండు కాళ్లు ఉత్తగ పెట్టుకొని నడుస్తదా ఎద్దు? నాలుగూ ఒక్కతీర్గనే ఉండాలె."

ఆఖరి హెచ్చరిక ఒకటి మిగిలింది. "మామా, మంచు టైర్లకి వేగం హద్దు ఉంటది. వీటి మీద నూట తొంభై దాటొద్దు."

మామ నా భుజం మీద చెయ్యి వేసి, "నేను ఇరవై ఒకటి కొట్టిన్నాడు చెప్త," అన్నాడు.

ఇంతవరకూ చదివితే మామ జోకులు తెలిసిన మనిషే కదా అనిపిస్తుంది. తెలుసు. ఒక్క టైర్ల మీద తప్ప. ఇది నాకు తొందరగానే అర్థమైంది. ఒకరోజు ఎండలో ఆగి ఉన్న ఆయన కారు చూసి, "మామా, టైర్లకి వడదెబ్బ తగులుతది, తడి గోనెసంచులు కప్పు," అన్నాను. మరునాడు నాలుగు చక్రాలకీ నాలుగు తడి గోనెలు. బాబుపేట్ చౌరస్తాలో జనం ఆగి చూశారు. నేను అడ్డంగా పడి నవ్వాను. మామ నవ్వలేదు. ఒక్కొక్క టైరు మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టుకుని, "చల్లగైనయి అల్లుడా. మంచి మాట చెప్పినవ్," అన్నాడు. టైరు గురించి చెప్పిన మాట ఆయనకి షిఫ్టు మారేటప్పుడు చెప్పిన మాటే.

అక్కడే నేను నోరు కట్టుకోవాల్సింది. కానీ నా నోటికి బ్రేకులు లేవని మా బాపు ఊరికే అనడు.

పోయిన ఏడు ఫిబ్రవరి ఆఖర్న టైర్లు ఢిల్లీ నుంచి వచ్చాయి. సీజన్ అయిపోయాక చవగ్గా వస్తాయని నేనే అప్పుడు తెప్పించాను. వచ్చే జనవరి దాకా ఉంచాలి. మామ నాలుగింటినీ గోరుతో నొక్కి చూశాడు. గీత మెల్లగా మాయమైంది. ఆ మొహంలో వెలుగు చూడాలి. అప్పుడు అడిగాడు.

"ఇంత మెత్తగున్నయి. మన ఎండలకు ఏం కావు గదా?"

నీడలో పెట్టు, మీద గుడ్డ కప్పు, ఏం కాదు. ఇదీ జవాబు. షాపులో ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. కానీ ఆ రోజు నేనేమన్నానంటే:

"మన మే నెలకి ఇవి కరిగి పప్పుచారైతయి మామా. కూలర్ ముందల పండబెట్టాలె వీటిని. రోజూ నీళ్లు పొయ్యి, గడ్డి మార్చు. పహాడీ టైర్లు, చలి లేకపోతే బతకయి."

బాపు కౌంటర్ దగ్గర్నించి నవ్వాడు. మామ తలూపాడు. టైర్లు ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

మే రెండో వారంలో చక్రాల నట్లు కొత్తవి ఇచ్చిరావడానికి ఆయన గదికి వెళ్లాను. బాబుపేట్‌లో ఒక్క గది, ముందు రేకుల వసారా. వసారాలో చాప మీద మామ పడుకుని ఉన్నాడు, మొహం మీద తడి తువ్వాల. రేకు ఎంత కాలుతోందంటే పిచ్చుక కూడా వాలడం లేదు. లోపల నుంచి కూలర్ చప్పుడు వస్తోంది. తొంగి చూశాను. మంచం మీద, దుప్పటి పరిచి, నాలుగు మంచు టైర్లు. కూలర్ నిండుగా నీళ్లు, కొత్త గడ్డి. చల్లటి గాలి వాటి మీదికి ఝుమ్మని కొడుతోంది.

ముందు ఫొటో తీసుకున్నాను. అదీ నేను. తర్వాతే మామని తట్టి లేపాను.

"మామా, ఏంది ఇది? నువ్వు లోపల పండు."

"జాగ ఏడున్నదిరా, నలుగురున్నరు," అన్నాడు తువ్వాల కింద నుంచి.

"అది జోకు మామా. నేను పరాచికానికి అన్న. టైర్లకి కూలర్ అక్కర్లేదు."

తువ్వాల తీసి నన్ను చూశాడు. మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఐస్ గోలా మాటకి నవ్విన ఆ నవ్వే.

"మస్తు నేర్చినవ్ అల్లుడా! నన్ను లోపల పండబెట్టి, వాటిని కరగబెట్టి, ఇంకో నాలుగు అమ్ముదామని సూస్తున్నవా?"

"ఒట్టు మామా. నిజం చెప్తున్న."

"ఆఁ, నువ్వు ఎన్నడన్న నిజం చెప్పినవా, టైర్లు అప్పజెప్పిన్నాడు చెప్పిన ముచ్చట తప్ప?"

నేను చెప్పినవాటిలో ఆయన నిజమనుకున్నది ఆ టైర్ల మాటే, అది జోకు. ఇప్పుడు నిజం చెబితే అది జోకు. ఎట్నుంచి చూసినా తలుపు నేను వేసిందే, గడియ మాత్రం అవతల పడింది. గంటసేపు కూర్చున్నాను. ఇంటర్నెట్ చూపించాను. అమ్మ మీద ఒట్టేశాను. లోపలికి పోయి టైర్లు కింద పెట్టబోతే ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఇంటికొచ్చి బాపుతో చెప్పాను, "నువ్వు చెప్పు బాపూ, నీ మాట వింటడు." బాపు సాయంత్రం పోయి చెప్పాడు. "సేటూ, పిలగానితోటి కలిసి నువ్వు గూడ షురూ చేసినవా?" అని మామ ఆయనకి చాయ ఇచ్చి పంపించాడు.

షాపులో ఉన్న టేబుల్ ఫ్యాన్ పట్టుకెళ్లి వసారాలో పెట్టి వచ్చాను. నాకు తోచింది అంతే. మూడో రోజు చూస్తే అది కూడా లోపలే ఉంది. కూలర్ గాలి అందని మూలన ఉన్న టైరు వైపు తిరిగి.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం పక్కింటావిడ నీళ్ల బిందె కోసం పిలిస్తే మామ పలకలేదు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. గుండె ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. అరవై దాటిన మనిషి, బొగ్గు దుమ్ము పీల్చిన మనిషి, మే నెల. జవాబులు చాలా ఉన్నాయి. నేనూ అడగలేదు. నా దగ్గర ఇంకొక జవాబుంది. నేను వెళ్లేసరికి లోపల కూలర్ నడుస్తూనే ఉంది. టైర్ల మీద అరచెయ్యి పెట్టి చూశాను. పది దాకా లెక్కపెట్టాను. చల్లగా ఉన్నాయి.

మంచిర్యాల నుంచి అన్న కొడుకు వచ్చాడు. మంచి మనిషే. కర్మలన్నీ చేశాడు. కారు తీసుకుపోయేముందు జెండా కర్ర పీకేసి పక్కన పడేశాడు. సీటు ముందుకి జరిపి భార్యని కూర్చోబెట్టుకున్నాడు. హారన్ కొట్టకుండా సందులో నుంచి రయ్యిమని వెళ్లిపోయాడు. "ఈ టైర్లేందో మీరే ఉంచుకోండ్రి," అన్నాడు. అట్లా అవి మా షాపు మూలకి వచ్చాయి.

గోడ మీద క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో పహాడీ నంబర్ రాసి ఉంది. నాలుగు రోజులు ఆగి ఫోన్ చేశాను. హిందీలో మాట్లాడాడు, మధ్యమధ్యలో గనిలో నేర్చుకున్న తెలుగు ముక్కలు. కబురు విని, ఏ రోజని అడిగాడు.

"జనవరిలో మీ ఊరు వద్దామనుకున్నాడు," అన్నాను. "మంచులో నడిపి చూపిస్తానని."

"మంచా?"

"మీ ఊళ్లో పడే మంచు."

అవతల నుంచి పొడి దగ్గు వినిపించింది. "మా ఊళ్లో మంచు పడదు బేటా. ఎదురుగా కొండ మీద పడుతుంది, దూరం నుంచి చూస్తాం. మా ఊళ్లో మామిడికాయలు కాస్తాయి. పోయే రోజు కదా అని ఏదో గొప్పకి... నవ్వుతాడనుకున్నా."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నమ్మాడా?"

"టైర్లు కొన్నాడు."

"నాలుగూనా?"

"నాలుగూ."

మళ్లీ దగ్గాడు. చివరికి ఆయన తెలుగులోనే, మెల్లగా అన్నాడు. "టైరు మాట... నేను ఎన్నడు తప్పు చెప్పలె వానికి. ఒక్కపారే." కూలర్ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన వాటా ఆయన మోస్తున్నాడు, నాది కూడా ఎత్తడం ఎందుకు?

గడ్డి మార్చేవాడు ఇంకా నిలబడే ఉన్నాడు. "భావూ, ఎండ మండుతున్నది. ఎటు తిప్పాలె చెప్పు."

మూల వైపు చూపించాను. అతను తిప్పాడు. బాపు కళ్లద్దాలు తీసి చూశాడు, లెడ్జరుతో విసురుకోవడం మొదలుపెట్టాడు. ఇది అర్థం లేని పని అని నాకు తెలుసు. రబ్బరుకి నీడ చాలు. నేనే అందరికీ చెబుతాను.

కాసేపటికి ఒక ఆటో అతను పంక్చర్‌కి వచ్చాడు. చొక్కా అంతా చెమట. కూలర్ ముందుకి పోబోయి, గాలి ఎటు పోతోందో చూసి ఆగిపోయాడు.

"ఏంది సేటూ, గాలంతా ఆ మూలకు కొడ్తున్నది. ఇటు తిప్పరాదు?"

"అది టైర్లకి," అన్నాను.

అతను పగలబడి నవ్వాడు.